ఉంగరమునకు వ్రేలి కొలత

మన పూర్వులు చేతితోను వ్రేలితోను లోకమును కొలిచిరి. వ్రేలి వెడల్పు అంగుళ మయ్యెను. నాలుగు వ్రేళ్లు చేర్చినచో బెత్తెడు. అరచేయి చాచి పట్టినచో జాన. మోచేతినుండి వ్రేలి కొనవరకు మూర. రెండు చేతులు చాచినచో బార. నేటికిని పూలమ్మువారు మూరలతోనే పూలు కొలిచి యిచ్చుచున్నారు. అంగుళి యనగా వ్రేలు. దానినుండియే అంగుళ మను కొలతకును, అంగుళీయక మని సంస్కృతమున ఉంగరమునకును పేళ్లు కలిగినవి. ఇట్లు లోకమును కొలుచు వ్రేలినే మనము కొలువవలసివచ్చు సందర్భ మొకటి కలదు. అదియే ఉంగరము చేయించుట. ఇది చిన్న పని యని తోచును గాని, ఇందులో జరుగు తప్పులు మాత్రము చిన్నవి కావు.

ఈ విషయమును మేము వ్రాయుటకు కారణమైన సంగతిని ముందుగా చెప్పుదుము. గడచిన వేసవిలో మా పూర్వవిద్యార్థి యొకని వివాహమునకు పోయియుంటిమి. అతని తండ్రి తాపీపని చేయువాడు. కోడలికి పెట్టుటకై రెండేండ్లు కూడబెట్టిన సొమ్ముతో ఒక బంగారు ఉంగరము చేయించెను. దేవాలయము నిండ జనులు కూడియుండిరి. ప్రమాణములు ముగిసినవి. పాదిరిగారు ఉంగరమును ఆశీర్వదించి వరుని చేతి కిచ్చిరి. అతడు వధువు వ్రేలికి దానిని తొడుగబోగా అది నడిమి కణుపు నొద్ద ఆగిపోయెను. అతడు త్రిప్పి చూచెను, నొక్కి చూచెను. ఆ పిల్ల వ్రేలు ఎఱ్ఱబారెను గాని ఉంగరము కదలలేదు. వెనుక బల్లలమీద నెవరో నవ్విరి. తుదకు దానిని చిటికెన వ్రేలికి తొడిగి కార్యము ముగించిరి. వరుని తల్లి కన్నీరు తుడిచికొనుట మేము చూచితిమి.

మరునాడు ఆ తల్లి కంసాలి యింటికి పోవుచు మమ్మును తోడు రమ్మని పిలిచెను. ఆయన వృద్ధుడు, నెమ్మదిగలవాడు. ఆమె కోపముతో పలికిన మాటలన్నియు విని, లోపలికి పోయి చిన్న కాగితపు పొట్లమును తెచ్చి మా చేతిలో పెట్టెను. అందులో ముడి వేసిన కుట్టు దారపు చుట్ట యొకటి యుండెను. "మాష్టారూ, నాకు ఇచ్చిన కొలత ఇది. నేను చేసినది దీనికి. సరిగా నున్నదో లేదో మీరే చూడుడు" అనెను. మేము సరిచూచితిమి. ఉంగరమునకును దారమునకును వెంట్రుకవాసి తేడా లేదు. "అమ్మా, వ్రేలిని నాకు చూపియుండినచో ఈ కష్టము రాకపోవును గదా" అని మాత్ర మాయన పలికెను. ఆమెకు మారుపలుకు లేకపోయెను.

విచారింపగా తెలిసిన దేమనగా, పుష్యమాసపు చలిలో, తెల్లవారుజామున, వధువు వ్రేలి మొదటి భాగమునకు దారము చుట్టి కొలత తీసిరి. వివాహము మండువేసవిలో మధ్యాహ్నమున జరిగెను. దారము కణుపును ఎరుగదు, కాలమును ఎరుగదు. ఉంగరమును మరల పెద్దది చేయుటకు మజూరియు, కలిపిన బంగారమునకు వెలయు ఆ కుటుంబము వారికి అదనపు భార మయ్యెను.

ఆ వరుడు మా యొద్ద వృత్తపాఠమును చదివినవాడు. చుట్టుకొలత సూత్రమును తప్పులేకుండ అప్పజెప్పి మంచి మార్కులు తెచ్చుకొన్నవాడు. అయినను తన యింట ఉంగరము చేయించునపుడు ఆ పాఠము అతనికి జ్ఞాపకము రాలేదు. ఇందులో అతని తప్పుకంటె మా తప్పే యెక్కువ. మేము ఆ సూత్రమును నల్లబల్లమీద వ్రాసితిమి గాని వ్రేలిమీద కొలిపింపలేదు. ఆ లోపమును తీర్చుకొనుటకే ఈ వ్యాసము.

కథలలో ఉంగరములు

వదులు ఉంగరము చేసిన కీడు మన సాహిత్యమున ప్రసిద్ధమే. కాళిదాసు రచించిన అభిజ్ఞాన శాకుంతలమున దుష్యంతుడు తన ముద్రికను శకుంతల వ్రేలికి తొడిగి పోయెను. ఆమె శచీతీర్థమున నీటికి నమస్కరించు సమయమున అది జారి నీటిలో పడెను. రాజు ఆమెను గుర్తింపడయ్యె ననియు, తుదకు జాలరి పట్టిన చేప కడుపులో ఉంగరము దొరికె ననియు కథ. కవి దానిని శాపఫలమని చెప్పెను. లెక్కలు చెప్పు మాబోటివారు దానికి మరియొక కారణమును కూడ చెప్పుదురు: పురుషుని వ్రేలికి చేసిన ఉంగరము స్త్రీ వ్రేలికి వదులగుట సహజము. చల్లని నీటిలో వ్రేలు మరికొంత సన్నబడును. ఇక జారక యేమి చేయును? ఆదికాండములో ఫరో తన చేతి ఉంగరమును తీసి యోసేపు చేతికి పెట్టెనని చదువుచున్నాము. అది యోసేపునకు సరిపోయెనా లేదా యని గ్రంథము చెప్పదు. ఆ ఉంగరములు అధికారమునకు గుర్తులు. మన యిండ్లలోని ఉంగరములు దినదినము పనిలో ధరించునవి. వీనికి కొలత ముఖ్యము.

కొలువవలసిన దేమి?

విద్యార్థులారా, మీ యెడమచేతి ఉంగరపు వ్రేలిని చాచి చూడుడు. అది గొట్టమువలె ఒకే లావున ఉండదు. ఉంగరము నిలుచు మొదటి భాగ మొకటి. దానికి పైన నుండు కణుపు మరియొకటి. పెద్దవారిలో, విశేషించి చేతులతో కష్టించి పని చేయువారిలో, కణుపు లావుగను మొదలు సన్నగను ఉండుట కద్దు. పిల్లలలోను బొద్దుగా నుండువారిలోను మొదలే లావుగ నుండవచ్చును. ఉంగరము కణుపును దాటి పోవలెను; మొదట నిలువవలెను. ద్వారమును దాటుట యొకటి, గదిలో కాపురముండుట యొకటి. కావున ఒక కొలత చాలదు, రెండు కొలతలు కావలెను. పైన చెప్పిన వివాహమున జరిగిన మొదటి పొరబాటు ఇదియే.

రెండు కొలతలును ఇంచుమించు సమానమైనచో చిక్కు లేదు, పెద్దదానిని గైకొనవలెను. కణుపు లావుగ నున్నచో రెంటికి నడుమ, కణుపు కొలతకు దగ్గరగా నుండు సంఖ్యను ఎన్నుకొనవలెను. మొదలు 52 మిల్లీమీటర్లు, కణుపు 55 మిల్లీమీటర్లు అయినచో 54 తగును. కణుపుమీది చర్మము కొంత కదలును గనుక 54 గల ఉంగరము కొద్దిగా త్రిప్పుచు తొడిగినచో దాటును. 52 అయినచో దాటదు. 56 అయినచో సులభముగా దాటును గాని మొదట నిలువక గిరగిర తిరుగును.

రెండు చేతుల వ్రేళ్లు సమానములని తలంపరాదు. సాధారణముగా మనము పనికి ఉపయోగించు చేతి వ్రేళ్లు కొంచెము లావుగ నుండును. ఏ చేతి యే వ్రేలికి ఉంగరమో ఆ వ్రేలినే కొలువవలెను.

వృత్తమును గూర్చి రెండు మాటలు

ఉంగరపు లోపలి అంచు ఒక వృత్తము. దానిని రెండు విధములుగా చెప్పవచ్చును: అడ్డముగా కొలిచినచో వ్యాసము, చుట్టు కొలిచినచో చుట్టుకొలత. వ్యాసమును సుమారు 3.1416 చేత గుణించినచో చుట్టుకొలత వచ్చును. ఈ సంఖ్యను ఆర్యభటుడు 499 ప్రాంతమున రచించిన తన గ్రంథములోనే చెప్పియున్నాడు. మనము తరగతిలో వాడు 22/7 కూడ ఈ పనికి చాలును.

దీనినుండి గ్రహింపవలసిన నీతి యొకటి కలదు. వ్యాసములో ఒక మిల్లీమీటరు తప్పినచో చుట్టుకొలతలో మూడు మిల్లీమీటర్లకు పైగా తప్పును. ఒక ఉంగరమునకు ఒక మిల్లీమీటరు తేడా తెలియును. మూడు మిల్లీమీటర్ల తేడా అయినచో అది వేరొకరి ఉంగరమగును. అందుచేత అనుభవము లేనివారు వ్రేలిని చుట్టి కొలుచుట మేలు. అడ్డముగా కొలుచుట మేలు కాదు. వ్రేలు సంపూర్ణ వృత్తము కాకపోవుటయు ఇందుకు మరియొక కారణము.

సరిగా నున్న పాత ఉంగరమును చూచి క్రొత్తది చేయించునపుడు మాత్రము వ్యాసమును కొలువవలసి వచ్చును. అప్పుడు లోపలి అంచునుండి లోపలి అంచువరకు కొలువవలెను. లోపల 17 మిల్లీమీటర్లు, రేకు మందము 1.5 మిల్లీమీటర్లు అయినచో వెలుపల 20 మిల్లీమీటర్లు వచ్చును. లోపలి చుట్టుకొలత 53.4, వెలుపలిది 62.8. ఒకదానికి మారుగా మరియొకదానిని వ్రాసి పంపినచో ఉంగరము బొటనవ్రేలికి సరిపోవచ్చును! ఈ పనికి మన ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్స్ మిక్కిలి యనుకూలమైనది. దాని పైభాగపు చిన్న కొమ్ములు లోపలి వ్యాసమును కొలుచుటకే యేర్పడినవి.

కొలుచు విధానము

నూలు దారము సాగును, మెలి తిరుగును, మెత్తని కండలో దిగబడును. కావున దారమును విడిచిపెట్టుడు. సాగని గట్టి కాగితమును తీసికొని, అయిదు మిల్లీమీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల పొడవు గల పట్టీని తిన్నగా కత్తిరింపుడు. దానిని వ్రేలి మొదట చుట్టుడు. పట్టీ కండను నొక్కరాదు. అట్లని సందు విడువరాదు. చుట్టిన పట్టీ వ్రేలిమీద కొద్దిపాటి పట్టుతో తిరుగవలెను. ఒక కొన మరియొక భాగమును కలిసికొన్న చోట సన్నని పెన్సిలుతో గీత గీయుడు. పట్టీని విప్పి బల్లమీద పరచి, కొననుండి గీతవరకు స్కేలుతో కొలువుడు. స్కేలు కొన అరిగియుండవచ్చును గనుక ఒకటవ సెంటీమీటరు గీతనుండి మొదలుపెట్టి, తరువాత ఆ పది మిల్లీమీటర్లను తీసివేయుడు. కన్ను గీతకు నిట్టనిలువుగా పైన నుండవలెను. ప్రక్కనుండి చూచినచో గీత జరిగినట్లు కనబడును.

పిమ్మట కణుపునకును అట్లే చేయుడు. ప్రతి కొలతను మూడుమార్లు తీసి సగటు కట్టుడు. ఒక కొలత తక్కిన రెంటికి మిక్కిలి దూరముగా నున్నచో దానిని మరల తీయుడు. మనకు నచ్చిన సంఖ్య వచ్చువరకు కొలుచుట కొలత కాదు. వచ్చిన సంఖ్యను వచ్చినట్లు వ్రాయుటయే కొలత.

ఇటీవల కొందరు అచ్చువేసిన కొలతపటములమీద ఉంగరమును పెట్టి చూచుకొనుచున్నారు. అది మంచిదే. అయితే అచ్చుయంత్రము పటమును కొంచెము చిన్నది గాని పెద్దది గాని చేయవచ్చును. పటముమీది గీతను ముందు స్కేలుతో సరిచూచి పిమ్మట నమ్మవలెను.

అన్నిటికంటె మేలైన పద్ధతి కంసాలియొద్దకు గాని నగల అంగడికి గాని వ్రేలిని తీసికొనిపోవుటయే. వారియొద్ద సంఖ్యలు వేసిన కొలత ఉంగరముల గుత్తి యుండును. వానిని ఒక్కొక్కటిగా తొడిగి చూచి సరియైన సంఖ్యను నిర్ణయించుదురు. చేయించుకొను ఉంగరము వెడల్పుగ నుండబోవునెడల, వెడల్పు గల కొలత ఉంగరములతోనే చూడవలెను. ఆరు మిల్లీమీటర్లకు మించిన వెడల్పు గల ఉంగరము వ్రేలిని ఎక్కువ భాగము కప్పును గనుక బిగువుగా తోచును. దానికి చుట్టుకొలతలో సుమారు ఒక మిల్లీమీటరు అదనముగా నుంచుట మేలు.

ఎప్పుడు కొలువవలెను?

ఎండలో బంగారము వ్యాకోచించును గదా యని ఒక విద్యార్థి మమ్మును అడిగెను. మంచి ప్రశ్న. లెక్క వేసి చూతము. బంగారము ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడికి తన పొడవులో పదిలక్షల భాగములలో సుమారు 14 భాగములు పెరుగును. 54 మిల్లీమీటర్ల చుట్టుకొలత గల ఉంగరము 20 డిగ్రీల వేడి పెరిగినచో 0.015 మిల్లీమీటరు మాత్రమే పెరుగును. ఇది సాధారణమైన కాగితపు మందములో ఆరవవంతు కూడ కాదు. కావున మారునది ఉంగరము కాదు, వ్రేలు. వేడిలో చర్మపు రక్తనాళములు విప్పారుటచే వ్రేలు ఉబ్బును. చలిలో అవి ముడుచుకొనుటచే సన్నబడును. ఎక్కువసేపు చేతులు వ్రేలాడవేసి నడచినను, పరుగెత్తినను, ఉప్పు అధికముగా తినినను వ్రేళ్లు ఉబ్బవచ్చును. గర్భవతులకు చేతులు వాచుట సామాన్యము. వారికి ఆ కాలమున కొలత తీయరాదు.

నిద్ర లేచిన వెంటనేయు, స్నానము చేసిన వెంటనేయు, వంటయింటి పొయ్యియొద్దనుండి లేచివచ్చిన వెంటనేయు కొలువరాదు. సాయంకాలమున, శరీరము విశ్రాంతిగా నున్నపుడు, నీడపట్టున కూర్చుండి కొలువవలెను. వీలైనచో వేరువేరు దినములలో రెండుమూడు పర్యాయములు కొలుచుట మంచిది. శీతకాలమున తీసిన కొలతతో వేసవి వివాహమునకు ఉంగరము చేయించువారు వేసవి రాగానే మరల ఒకసారి కొలిచి చూడవలెను.

తరగతిలో చేసిన ప్రయోగము

ఆ వివాహమునకు పిమ్మట, పాఠశాల తెరువగానే, మేము పదవ తరగతి పిల్లలచేత మా వ్రేలినే కొలిపించితిమి. మొదటి దినమున దారముతో కొలువుడని చెప్పి, విధాన మేమియు చెప్పలేదు. ఒకే వ్రేలికి ఒక్కొక్కరు ఒక్కొక్క సంఖ్యను తెచ్చిరి. కొందరి కొలతల నడుమ అయిదారు మిల్లీమీటర్ల తేడా యుండెను. ప్రతివాడును తన కొలతయే సరియని వాదించెను. రెండవ దినమున పైన చెప్పినట్లు కాగితపు పట్టీతో, మూడుమార్లు, సగటు కట్టి కొలిచిరి. అప్పుడు మిక్కిలి తక్కువ తేడాలు మాత్రము మిగిలెను. వాదమును ముగించినది గొంతు కాదు, విధానము. ఈ మాటను పిల్లలే తమ నోటుపుస్తకములలో వ్రాసికొనిరి.

దేశమునకొక సంఖ్య

మిల్లీమీటర్లలో కొలత తెలిసిన తరువాత చిక్కు తీరె ననుకొనరాదు. ఉంగరపు సంఖ్యలు దేశదేశమునకు వేరు. అంతర్జాతీయ ప్రమాణమగు ఐ.ఎస్.ఓ. 8653 ప్రకారము లోపలి చుట్టుకొలత మిల్లీమీటర్లలో ఎంతయో సంఖ్యయు అంతయే. ఇది మిక్కిలి సరళము. మన దేశపు అంగళ్లలో వాడుకగా నున్న సంఖ్యకు 40 కలిపినచో చుట్టుకొలత సుమారుగా వచ్చును. ఇంగ్లండులో అక్షరములను వాడుదురు. సి అనగా 40 మిల్లీమీటర్లు, అక్కడనుండి ఒక్కొక్క అక్షరమునకు 1.25 మిల్లీమీటర్లు పెరుగును. అమెరికాలో మరల అంకెలే. ఒక్కొక్క సంఖ్యకు వ్యాసము సుమారు 0.81 మిల్లీమీటరు పెరుగును.

కాబట్టి 54 మిల్లీమీటర్ల చుట్టుకొలత గల ఉంగరము మన అంగడిలో సుమారు 14, ఇంగ్లండులో సుమారు ఎన్, అమెరికాలో 7కు కొంచెము లోపల అగును. నేడు మన తెలుగువారు అనేకులు అమెరికాలో నివసించుచున్నారు. అక్కడి బిడ్డ "నా వ్రేలి సంఖ్య 7" అని చెప్పగా, ఇక్కడి తల్లిదండ్రులు కంసాలితో "7" అనియే చెప్పినచో, ఆయన 47 మిల్లీమీటర్ల ఉంగరము చేయును. అది చిటికెన వ్రేలికి సైతము ఎక్కకపోవచ్చును. ఇద్దరును నిజమే చెప్పిరి. ఇద్దరు చెప్పిన భాషలు వేరు. కావున సంఖ్యతో పాటు మిల్లీమీటర్లలో లోపలి చుట్టుకొలతను తప్పక వ్రాసి పంపవలెను.

కంసాలి లెక్క

కంసాలి బంగారపు రేకును వంచి, కొనలు అతికి ఉంగరము చేయును. 54 మిల్లీమీటర్ల ఉంగరమునకు 54 మిల్లీమీటర్ల రేకు చాలునా? చాలదు. వంచినపుడు లోపలి వైపు ముడుచుకొనును, వెలుపలి వైపు సాగును. నడుమ నుండు పొర మాత్రమే తన పొడవును నిలుపుకొనును. అందుచేత లోపలి చుట్టుకొలతకు రేకు మందమును 3.14 చేత గుణించి కలుపవలెను. మందము 1.5 అయినచో 54కు 4.7 కలిపి 58.7 మిల్లీమీటర్ల రేకు కావలెను. ఈ సంగతి మరచినచో ఉంగరము నాలుగు సంఖ్యలకు పైగా చిన్నదగును. బడి ముఖము చూడని కంసాలులు సైతము తరతరముల అనుభవముచేత దీనిని ఎరుగుదురు. వారి చేతిపనిలో ఎంత గణితమున్నదో మన విద్యార్థులు గమనింపవలెను.

రేకు వెడల్పు 4 మిల్లీమీటర్లు అయినచో దాని ఘనపరిమాణము 352 ఘన మిల్లీమీటర్లు, అనగా 0.352 ఘన సెంటీమీటరు. 22 క్యారట్ల బంగారము ఘన సెంటీమీటరునకు సుమారు 17.8 గ్రాములు తూగును. ఉంగరము బరువు సుమారు 6.3 గ్రాములు. చుట్టుకొలత ఒక మిల్లీమీటరు పెంచినచో సుమారు పదవవంతు గ్రాము బంగారము అధికమగును. ఇది చూచుటకు స్వల్పమే. అయితే చిన్నదై పోయిన ఉంగరమును కోసి, ముక్క వేసి, మరల అతికించునపుడు బంగారపు వెలకు మజూరియు తరుగును చేరును. బీదవాని యింట అదియు భారమే. సరిగా కొలుచుటకు అయ్యెడి ఖర్చు ఒక కాగితపు ముక్క మాత్రమే.

బిగిసిన ఉంగరమును తీయు విధము

కొలత సరిపోయెనా లేదా యని తెలిసికొనుటకు గుర్తులివి. తొడుగునపుడు కణుపు నొద్ద కొంచెము పట్టవలెను; తీయునపుడు అంతకంటె కొంచె మెక్కువ పట్టవలెను. చేయి క్రిందికి దింపి విదిలించినను జారరాదు. వ్రేలు ముడిచినపుడు నొప్పి కలుగరాదు. అంచుల ప్రక్క కండ ఉబికి రాకూడదు.

ఎప్పుడైనను ఉంగరము బిగిసినచో కంగారుపడి లాగరాదు. లాగినకొలది వ్రేలు వాచును. చేతిని గుండెకంటె ఎత్తుగా కొంతసేపు పట్టి యుంచి, చల్లని నీటిలో ముంచి, సబ్బు గాని కొబ్బరినూనె గాని రాచి, మెల్లగా త్రిప్పుచు తీయవలెను. అప్పటికిని రానిచో, నున్నని దారపు కొన నొకదానిని ఉంగరము క్రిందుగా అరచేతి వైపునకు దూర్చి, తక్కిన దారమును ఉంగరపు అంచునుండి కణుపు దాటువరకు వ్రేలి చుట్టు దగ్గర దగ్గరగా బిగించి చుట్టవలెను. పిమ్మట అరచేతి వైపు కొనను పట్టి దారమును విప్పుచు వచ్చినచో ఉంగరము దారముమీదుగా మెల్లగా వెలుపలికి జరుగును. కొలతకు పనికిరాదని విడిచిపెట్టిన దారము ఇక్కడ మనకు మేలు చేయును! వ్రేలు నీలిరంగు పట్టినను, మొద్దుబారినను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. అక్కడ ఉంగరమును కోయు సాధనముండును. ఉంగరము పోయినను మరల చేయించుకొనవచ్చును. వ్రేలు పోయినచో రాదు.

చేతికి తేలు గాని తేనెటీగ గాని కుట్టినను, పాము కరచినను, ఎముక విరిగినను వాపు రాకముందే ఆ చేతి ఉంగరములను తీసివేయవలెను. తిరుగు యంత్రములయొద్దను, విద్యుత్తు పనులయొద్దను ఉంగరములతో పని చేయరాదు. మా పూర్వవిద్యార్థులలో కర్మాగారములలో నున్నవారు ఈ మాటను ముఖ్యముగా గమనింతురు గాక.

అభ్యాసము

విద్యార్థులు ఈ క్రింది పనులను ఇంటివద్ద చేసి, ఫలితములను తరగతికి తేవలెను.

1. 10 రూపాయల నాణెము వ్యాసము 27 మిల్లీమీటర్లు. దాని అంచున ఒక చుక్క పెట్టి, స్కేలు ప్రక్కన ఒక చుట్టు దొర్లించి పొడవును కొలువుడు. లెక్క ప్రకారము 84.8 మిల్లీమీటర్లు రావలెను. మీకెంత వచ్చెను? తేడాకు కారణమేమి?

2. ఒక ఉంగరపు లోపలి వ్యాసము 16.5 మిల్లీమీటర్లు. దాని చుట్టుకొలత ఎంత? మన దేశపు అంగళ్లలో దాని సంఖ్య సుమారు ఎంత?

3. మీ యమ్మగారి ఉంగరపు వ్రేలిని ఉదయమున ఒకసారి, సాయంకాలమున ఒకసారి మొదటను కణుపు నొద్దను కొలిచి నాలుగు సంఖ్యలను వ్రాయుడు. ఆమెకు మీరు ఏ కొలత ఉంగరము చేయింతురు? ఎందుకు?

మూడవ ప్రశ్నకు జవాబు మా పుస్తకములలో లేదు. మీ యమ్మగారి చేతిలో నున్నది. ఆ చేతిని కొంతసేపు మీ చేతిలోనికి తీసికొని జాగ్రత్తగా చూచినపుడు, ఆ కణుపులు అంత లావెక్కుటకు కారణమైన పని యేదియో కూడ మీకు తెలియును.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. ఇంట శుభకార్యము తలపెట్టినపుడు కొలత తీయు పనిని పదవ తరగతి చదువుచున్న మీ బిడ్డకు అప్పగింపుడు. అతడు తప్పు చేసినచో ఆ తప్పు మాది, మాకు తెలుపుడు. ఆ వధువు ఉంగరము ఇప్పుడు ఆమె ఉంగరపు వ్రేలికే యున్నది. క్రిస్మసు పండుగనాడు దేవాలయమున ఆమె మాకు చేయి చాచి చూపి, "మాష్టారూ, ఈమారు పట్టీతో కొలిచినాము" అని నవ్వెను.